కర్లూ బేలో మొదటి కుర్చీ

సముద్రం పక్కన దక్షిణానికి పోయే రోడ్డు మీద కారవాన్ వాళ్ళకి, అంటే కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని తిరిగేవాళ్ళకి, ఒక మర్యాద ఉంది. ఎదురుగా ఇంకో కారవాన్ వస్తే స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి పైకి లేపాలి. చెయ్యంతా ఊపితే చిన్నపిల్లల వేషం. తల ఆడిస్తే ఎవరికీ కనపడదు. ఒక్క వేలు, ఒక్క క్షణం, అంతే. మెర్విన్ పాస్కో తాత నలభై ఏళ్లుగా ఆ వేలిని రాజముద్రలా వాడుతూ వచ్చాడు. సొంత చేతులతో కట్టుకున్న కారవాన్‌కి వేలు లేస్తుంది. కొన్నదే అయినా, పాతబడి నాలుగు చోట్ల అతుకులు పడి ఉంటే లేస్తుంది. తళతళలాడే కొత్తదైతే సగం లేచి ఆగిపోతుంది. ఇల్లూ బండీ ఒకటే అయిన అద్దె మోటార్ హోమ్ కనపడిందా, ఆ వేలు మిగతా వేళ్లతో కలిసి స్టీరింగ్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది.

"అద్దె ఇంటిబండి వాడికి వేలు లేపడమేంటి? హోటల్లో చిన్న సబ్బుబిళ్ల ఊరికే ఇచ్చారని మురిసిపోయే రకాలు," అనేవాడు.

అలాంటి మెర్వ్ తాత ఈ డిసెంబరులో, డెబ్బై నాలుగో ఏట, అద్దె మోటార్ హోమ్ నడుపుకుంటూ వొలాంగాంగ్ నుంచి బయలుదేరాడు. ఆ బండి ఒళ్ళంతా ఒక కోలా బొమ్మ, అదే, చెట్టెక్కి నిద్రపోయే బొద్దు జంతువు. కోలాకి నల్ల కళ్ళద్దాలు, చేతిలో రంగు గొడుగు. బండి వెనక గజమెత్తు అక్షరాలతో "తొందరెందుకు, మిత్రమా?" అని రాసి ఉంది. వెనక ఇరవై కార్లు వరుసకట్టి హారన్ కొడుతూ ఆ మాటే చదువుకుంటున్నాయి.

ఇంత పని చేసింది తాత తుంటి ఎముక. కిందటి ఏడాది దానికి ఆపరేషన్ అయింది. క్రిస్మస్‌కి ఎక్కడికీ కదల్లేదు. ఆయన సొంతంగా కట్టుకున్న కారవాన్ పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. టార్పాలిన్‌కి ఎక్కడో చిల్లు. ఏడాదంతా వానలు. ఈ నవంబరులో కూతురు జనెల్ లోపల దుమ్ము దులుపుదామని కాలు పెడితే, ఆ కాలు నేలలోంచి దూసుకుపోయి కింద గడ్డిలో తేలింది. ఆమె అలాగే ఒంటికాలి మీద నిలబడి ఫోన్ చేసి మోటార్ హోమ్ అద్దెకి తీసేసుకుంది. తాత తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు.

తాత పుట్టిందీ పెరిగిందీ ఉక్కు ఫ్యాక్టరీ పొగ కనిపించేంత దూరంలోనే. పంతొమ్మిదో ఏట ఆ ఫ్యాక్టరీలో క్రేన్ ఎక్కి, అరవయ్యో ఏట దిగాడు. నలభై ఏళ్లు జనాన్ని పైనుంచి చూసినవాడికి, కిందికి దిగాక కూడా చూపు అలాగే ఉండిపోయింది. ఆయనకి నచ్చని వాటిని చెప్పుకుంటూ పోతే బేగా ఊరి దాకా దారి సరిపోతుంది. నురగ కాఫీ. కొత్త టోపీ పెట్టుకుని చేపలు పట్టడానికి వచ్చేవాళ్ళు. సాసేజ్‌లో ఆపిల్ ముక్కలు కలిపే కసాయి. దారి చెప్పే ఫోన్లు, ఆ ఫోన్లకి థాంక్స్ చెప్పే అల్లుళ్ళు (జనెల్ మొగుడు ఒకసారి చెప్పాడు, ఆ తర్వాత వాళ్ళ కాపురం ఎంతోకాలం నిలవలేదు, తాత దృష్టిలో కారణం అదే). అన్నిటికంటే ఎక్కువగా, రోడ్డు పక్కన ఆగి సముద్రాన్ని ఫొటో తీసేవాళ్ళు.

"అది నిన్నా అక్కడే ఉంది, రేపూ అక్కడే ఉంటుంది. ఎందుకు తీస్తారో ఆ ఫొటో? పారిపోతే పోలీసులకి చూపించడానికా?"

క్రేన్ పనిలో ఒక సంగతి ఉంది. పైన కూర్చున్నవాడికి కొక్కెం కింద ఏముందో కనపడదు. కింద ఒక మనిషి నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. పైకి, కిందికి, ఎడమకి, కుడికి, మెల్లగా. పిడికిలి బిగించి తల మీదికి ఎత్తాడంటే ఆపెయ్యాలి. పైనవాడు కొక్కేన్ని చూడడు, సైగల మనిషి చేతుల్నే చూస్తాడు. పెళ్లయిన కొత్తలో తాత ఆ సైగలన్నీ డల్సీ అమ్మమ్మకి వంటింట్లో నేర్పించాడు. అప్పటి నుంచీ కారవాన్‌ని వెనక్కి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆమె దిగి, ఎడమ అద్దంలో కనపడేచోట నిలబడి, రెండు చేతులతో ఆయన్ని లోపలికి పిలిచేది. స్కూల్ క్యాంటీన్‌లో పాతికేళ్లు పిల్లల్ని వరుసలో నిలబెట్టిన చేతులవి. కారవాన్ వాటి మాట వినకుండా ఎక్కడికి పోతుంది?

ఈ సంగతి తాత బయట ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే, "తనకి అలా నిలబడటం సరదా. కాళ్ళు సాగుతాయని," అనేవాడు.

ఇక కర్లూ బే. అక్కడి కారవాన్ పార్కులో క్రిస్మస్‌కి ఏటా అవే కుటుంబాలు, అవే చోట్లు. పాస్కోలది పద్నాలుగో నంబరు. తాత ఎప్పుడో ఒక చెక్కపలక మీద "పాస్కోలు" అని కాల్చి రాసి, ఆ చోటు మూలన పాతాడు. గేటుకి ఎదురుగా నార్ఫోక్ పైన్ చెట్ల కింద ఐదు మడత కుర్చీలు. సాయంత్రం నాలుగింటికి పాతకాపులు ఐదుగురు ఐస్‌పెట్టె మధ్యలో పెట్టుకుని, బీరు సీసాలు తెరుచుకుని అక్కడ కొలువు తీరతారు. గేటులోంచి వచ్చే ప్రతివాడూ తన బండిని ఎలా వెనక్కి పెడతాడో చూసి మార్కులు వేస్తారు. మార్కులంటే నోటిమాట కాదు. పాత టేబుల్ టెన్నిస్ బ్యాట్ల మీద సున్నా నుంచి పది దాకా అంకెలు వేసి ఉంచారు. వాటిని పైకెత్తి చూపిస్తారు. మొగుడూ పెళ్ళాలు అరుచుకుంటూ, ఒకరినొకరు బండి కింద పెట్టేస్తామన్నట్టు చూసుకుంటూ పార్క్ చేసి దిగేసరికి ఎదురుగా ఐదు బ్యాట్లు. రెండు, ఒకటి, రెండు, సున్నా, ఒకటి.

ఆ ఆట కనిపెట్టింది తాత. మొదటి కుర్చీ తాతది. నియమాలన్నీ తాతవే, అవి పార్కు నడిపేవాళ్ళ నియమాల కంటే ఎక్కువ. బండి వెనక ఏముందో చూపించే కెమెరా చూసి పెట్టినవాడికి సున్నా. మూడు ప్రయత్నాల్లో పెట్టలేనివాడికి ఆ వేసవిలో కుర్చీ లేదు; చేపల బల్ల దగ్గర నిలబడి అందరి చేపలూ గీకాలి. ఒక ఏడాది రానివాడు మళ్ళీ కొత్తవాడి కింద లెక్క.

ఆరేళ్ల కిందట కాన్‌బెరా నుంచి లిండ్సే అనే పళ్ళ డాక్టర్ వచ్చాడు. మొదటి ఏడు పదకొండు ప్రయత్నాలు చేశాడు. తాత సున్నా బ్యాట్‌ని తలకిందులు చేసి చూపించాడు. అలా చూపిస్తే సున్నా కంటే తక్కువట. రెండో ఏడు లిండ్సే తన బావమరిదిని వెనక నిలబెట్టి, వాకీటాకీలో అతను చెప్పినట్టు తిప్పి, ఒకే దెబ్బకి లోపలికి పెట్టాడు. దిగి, నవ్వుతూ వచ్చి కుర్చీలో కూర్చోబోయాడు.

"ఆగాగు," అన్నాడు తాత. "బండి పెట్టింది ఎవరు?"

"నేనే కదా."

"నువ్వు స్టీరింగ్ తిప్పావు. పెట్టింది మీ బావమరిది. చెప్పినవాడికి మార్కులు, తిప్పినవాడికి చేపల బల్ల."

ఆ వేసవంతా లిండ్సే చేపలు గీకాడు, అతని బావమరిది కుర్చీలో కూర్చుని బీరు తాగాడు. "పళ్ళ మీద పాచి గీకే చెయ్యి కదా, పొలుసు ఒక లెక్కా," అని తాత రోజూ అదే జోకు వేశాడు. రోజూ తనొక్కడే నవ్వాడు. మూడో ఏడు లిండ్సే ఖాళీ మైదానాల్లో సాధన చేసి మరీ వచ్చి, సొంతంగా ఎనిమిది తెచ్చుకుని వరుస చివర కుర్చీ సంపాదించాడు.

ఈ డిసెంబరు మొదట్లో తాతకి క్లారీ ఫోన్ చేశాడు. రెండో కుర్చీ క్లారీది. రిటైరైన ప్లంబర్, తాతకి ముప్పై ఏళ్ల స్నేహితుడు, అంటే ముప్పై ఏళ్లుగా తాత చెప్పేది వింటున్నవాడు.

"ఒరేయ్ మెర్వ్, నీ కుర్చీ మడిచి పక్కన పెట్టాం. కిందటేడు రాలేదు కదా నువ్వు. నియమం ప్రకారం కొత్తవాడివి."

"నా నియమం నాకే చెప్తున్నావా?"

"నీదే కదా, నీకు బాగా తెలుస్తుందని."

"వస్తున్నా. ఒక్క దెబ్బకి పెట్టి చూపిస్తా. నా కుర్చీ తుడిచి ఉంచు."

ఏం బండిలో వస్తున్నాడో మాత్రం చెప్పలేదు.

అందుకని ఆ రోజు రోడ్డు మీద తాత కడుపులో మంట అంతా ఇంతా కాదు. బండిలో ముట్టుకున్న ప్రతిదీ బీప్ అంటోంది. తలుపు తీస్తే బీప్, బెల్టు వదిలితే బీప్. గోడలన్నీ తెల్లటి ప్లాస్టిక్.

"ఇదొక బండా?" అన్నాడు. "చక్రాలు బిగించిన పళ్ళాసుపత్రిలా ఉంది. ఆ లిండ్సే గాడికి సరిపోతుంది."

"నాన్నా, దీంట్లో వేడినీళ్ళు వస్తాయి," అంది జనెల్ పక్క సీట్లోంచి.

"నేను పుట్టినప్పటి నుంచీ నీళ్ళు కాచుకుంటూనే ఉన్నాను."

వెనక బల్ల దగ్గర డల్సీ అమ్మమ్మ గళ్ళనుడికట్టు నింపుతోంది. ఆమె ఎదురుగా జనెల్ కూతురు బ్రిడీ. పదిహేడేళ్లు. పదో తరగతిలో స్కూలుకీ తనకీ పడక బయటికొచ్చేసి, ఇప్పుడు జుట్టు కత్తిరించడం నేర్చుకుంటోంది. తాత అంటే ప్రాణం, అందుకే వదిలిపెట్టదు.

"తాతా, బెర్రీ ఊరు దాటాక ఎదురొచ్చిన అద్దెబండి వాళ్ళంతా నీకు చేతులూపారు. నలుగురూ. ఒక పాప ముద్దు కూడా విసిరింది. నువ్వేం తిరిగి విసరవా?"

"నోరు మూసుకుని సముద్రం చూడు."

"చూశా. నిన్నటిలాగే ఉంది."

మిల్టన్ దాటాక ఎదురుగా ఒక పాత కారవాన్ వచ్చింది. సొంతంగా కట్టినదే, అతుకుల మీద అతుకులు, కిటికీకి పూల కర్టెన్. తాతకి ప్రాణం లేచొచ్చింది. ఆలోచించకుండానే వేలు లేచింది. ఎదుటి డ్రైవరు గడ్డపాయన. ఆయన చూపు ముందు కోలా మీద పడింది, తర్వాత గొడుగు మీద, తర్వాత తాత వేలి మీద. ఆ తర్వాత ఆయన నెమ్మదిగా తల సముద్రం వైపు తిప్పుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

ఆ చూపు తాతకి బాగా తెలుసు. అది తనదే.

వేలు చాలాసేపు అలాగే నిలబడిపోయింది. చివరికి దాంతో ముక్కు గోక్కున్నాడు.

అలాంటి మంట మీద ఉన్నవాడు ఉల్లాడల్లా ఓడరేవు గట్టు మీద కాగితంలో చేపలు, బంగాళాదుంప వేపుడు ముందేసుకుని కూర్చున్నాడు. చుట్టూ సముద్రపు కాకులు కాళ్ళు మార్చి మార్చి నిలబడి ఎదురుచూస్తున్నాయి. జనెల్ మంచికే అంది.

"నాన్నా, ఈ బండి మన కారవాన్ లాంటిది కాదు. ఏడు మీటర్లు. పార్క్ చేసేటప్పుడు అమ్మని దిగి చూడనివ్వు. ఎప్పటిలాగే."

తాత వేపుడు నములుతూ, గట్టు మీద ఉన్న అరడజను మందికి వినపడేలా అన్నాడు:

"మీ అమ్మనా? మీ అమ్మ చేతులూపేది ఈగల్ని తోలడానికి. నలభై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఎప్పుడూ నా అద్దాలు నావి, నా అంచనా నాది."

డల్సీ అమ్మమ్మ చేతిలో ఉన్న చేపముక్క నోటి దాకా వచ్చి ఆగింది. ఆమె ముక్కని చూసింది, మొగుణ్ణి చూసింది, ముక్క నోట్లో వేసుకుంది.

"అలాగా," అంది.

జనెల్ చేతిలో ఉన్నది ఒక కాకికి వేసేసింది. పెళ్లయిన నలభై తొమ్మిదేళ్లలో డల్సీ ఆ మాట ఆ గొంతుతో అన్నది మూడుసార్లే. మొదటిసారి అన్నాక తాత పడవ అమ్మేశాడు. రెండోసారి అన్నాక చర్చికి వెళ్ళాడు.

"అంటే ఏంటి అలాగా?" అన్నాడు తాత.

"ఏం లేదు. నువ్వు చెప్పావు, నేను విన్నాను."

అక్కడి నుంచి కర్లూ బే దాకా మూడు గంటలు. ఆమె గళ్ళనుడికట్టు పూర్తి చేసి, బ్రిడీ చేత జుట్టు దువ్వించుకుని, పెదాలకి రంగు వేసుకుంది. బేట్‌మన్స్ బే వంతెన మీద తాత అద్దంలోంచి చూశాడు గానీ, ఆ బండిలో వెనకాల కూర్చున్నవాళ్ళు కనపడే అద్దం లేదు. అందుకు బండి తయారుచేసినవాళ్ళకి ఇంకో తిట్టు పడింది.

నాలుగున్నరకి గేటు దగ్గర చేరారు. పైన్ చెట్ల కింద నాలుగు కుర్చీలు తెరిచి ఉన్నాయి, ఐదోది మడిచి చెట్టుకి ఆనించి ఉంది. కోలా గేటులోంచి లోపలికి వచ్చింది. నలుగురూ చేతులు బ్యాట్ల మీద వేశారు. క్లారీ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దేవుడా! లోపలున్నది మెర్వ్."

"ఏది? ఆ కళ్ళద్దాల కోలానా?" అన్నాడు లిండ్సే. "పోలిక ఉంది."

తాత కిటికీ దించాడు. "చాలు చాలు. కారవాన్ నేల పుచ్చిపోయింది. బండి ఏదైతే ఏం, నడిపేవాడు ముఖ్యం."

"నియమాలు గుర్తున్నాయా?" అన్నాడు క్లారీ.

తాత గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి అందుకుని, స్టీరింగ్ పక్కన వెలుగుతున్న కెమెరా తెర మీద పరదాలా వేలాడదీశాడు. కుర్చీల వైపు నుంచి మెచ్చుకోలుగా ఒక గొణుగుడు వినపడింది. అప్పుడు వెనక తలుపు బీప్‌మంది. డల్సీ అమ్మమ్మ దిగింది. ఎప్పుడూ నిలబడేచోటికి వెళ్తుందని అందరూ అనుకున్నారు. ఆమె నేరుగా కుర్చీల దగ్గరికి వెళ్ళి, చెట్టుకి ఆనించిన ఐదోదాన్ని తెరిచి, దులిపి, కూర్చుంది.

"డల్సీ, అది మెర్వ్ కుర్చీ," అన్నాడు క్లారీ.

"ఇంకా కాలేదుగా. ఏముంది పెట్టెలో?"

లిండ్సే ఆమెకి ఒక గ్లాసులో వైన్ పోసిచ్చాడు.

పద్నాలుగో నంబరు చోటుకి ఒకపక్క స్నానాల గదుల గోడ, ఇంకోపక్క క్లారీ గుడారం తాళ్ళు. మధ్యలోకి తిరిగే మలుపులో ఒక పైన్ చెట్టు వేరు ఉబ్బి ఉంటుంది. మొదటి ప్రయత్నంలో జనెల్ దిగి వెనక నిలబడింది. ఆమె "రా రా రా" అంటూ రెండు చేతులతో తోసేస్తున్నట్టు సైగ చేసింది. "ఆపు" అంటూ రమ్మన్నట్టు సైగ చేసింది. కోలా మూతి వెళ్ళి క్లారీ గుడారం తాడుకి తగిలింది. గుడారం ఒకసారి ఊపిరి పీల్చి వదిలింది.

"ఒకటి," అన్నాడు క్లారీ.

"నువ్వు అవతలికి పో!" అని కూతురి మీద అరిచాడు తాత. "నాకెవరూ అక్కర్లేదు."

"భార్యాబిడ్డల మీద అరిస్తే రెండు మార్కులు కట్," అన్నాడు లిండ్సే మర్యాదగా. "అది కూడా నీదే మెర్వ్, రెండువేల పదిలో పెట్టావట."

రెండో ప్రయత్నంలో తాత తన అద్దాల్ని, తన అంచనాని నమ్ముకున్నాడు. ఎడమ అద్దంలో పైన్ చెట్టు కనపడింది. కుడి అద్దంలో గోడ కనపడింది. బండి వెనక భాగం, చక్రాలు దాటి ఇంకో గజమున్నర పొడుచుకొచ్చి ఉందన్న సంగతి ఏ అద్దంలోనూ కనపడలేదు. మెల్లగా, ఎంతో నేర్పుగా, తాత వెనక్కి వచ్చాడు. ఫట్‌మని చప్పుడైంది. బ్రిడీ వెనక్కి వెళ్ళి వంగి చూసి, రెండు ముక్కలైన చెక్కపలకని పైకెత్తి పట్టుకుంది. ఒక చేతిలో "పాస్", ఇంకో చేతిలో "కోలు".

"తాతా, మన ఇంటిపేరు తొక్కేశావు."

"రెండు," అన్నాడు క్లారీ. అతని గొంతులో నవ్వు లేదిప్పుడు. అతనికి చేపల బల్ల దగ్గర మెర్వ్‌ని ఊహించుకోవడం ఇబ్బందిగానే ఉన్నట్టుంది. లిండ్సేకి అంత ఇబ్బంది లేదు.

బండి మలుపులో అడ్డంగా ఆగిపోయింది. వెనక గేటు దగ్గర మరో మూడు బండ్లు వచ్చి ఆగాయి. తాత స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చెంపల మీదుగా చెమట కారుతోంది. గుడ్డ తీస్తే తెర ఉంది, కానీ కెమెరాకి సున్నా. ఒంటరిగా పెట్టబోతే ఈసారి గోడో గుడారమో మిగలదు, కుర్చీ ఎలాగూ పోతుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. అది తన కుర్చీలో కూర్చుని వైన్ తాగుతోంది. ఆమె వచ్చి ఊరికే నిలబడితే చాలు, కాళ్ళు సాగడానికి వచ్చిందని చెప్పుకోవచ్చు.

"డల్సీ," అన్నాడు.

"ఊఁ."

"కాస్త ఇలా రా."

"ఎందుకు? అక్కడ ఈగలున్నాయా?"

కుర్చీల్లో ఎవరికీ అర్థం కాలేదు. జనెల్ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ఎప్పుడూ నిలబడేదానివి కదా."

"ఊరికే నిలబడేదాన్ని. నువ్వు ఎప్పుడూ చూడలేదుగా. ఇక్కడి నుంచి బాగా కనపడుతోంది నాకు. కానియ్, నీ అద్దాలున్నాయి, నీ అంచనా ఉంది."

గేటు దగ్గర ఎవరో హారన్ కొట్టారు. తాత వాళ్ళ వైపు కూడా చూడలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు మొహం పెట్టి, అరిచినట్టే అన్నాడు:

"నాకు కనపడట్లేదు!"

"ఏంటి?"

"కనపడట్లేదన్నాను. ఎప్పుడూ కనపడలేదు. నలభై ఏళ్లూ నీ చేతులు చూసే పెట్టాను. చాలా? అందరూ విన్నారా? ఆ పళ్ళోడు విన్నాడా?"

"విన్నా విన్నా," అన్నాడు లిండ్సే.

డల్సీ అమ్మమ్మ తొందరపడలేదు. గ్లాసులో మిగిలింది తాగి, గ్లాసు లిండ్సే చేతికిచ్చి, లేచి గౌను సర్దుకుంది. నడిచి వెళ్ళి, పైన్ చెట్టు వేరు పక్కన, ఎడమ అద్దంలో సరిగ్గా మధ్యలో కనపడేచోట నిలబడింది. ఆ చోట గడ్డి మొలవదు. అన్నేళ్లుగా తొక్కింది ఆమే.

కుడిచెయ్యి లేచింది. వేళ్లు రమ్మన్నాయి. ఎడమ అరచెయ్యి పక్కకి వంగింది, తాత స్టీరింగ్ అటు తిరిగింది. ఆమె ముఖం మీద ఏమీ లేదు, చేతులు మాత్రం మాట్లాడుతున్నాయి. మెల్లగా. ఇంకా. కొంచెం కుడికి. కోలా తన గొడుగుతో సహా గోడ పక్కగా, తాడు తగలకుండా, వేరు ఎక్కి దిగి, అరలోకి పుస్తకం దూరినట్టు లోపలికి వెళ్ళిపోయింది. పిడికిలి బిగిసి తల మీదికి లేచింది. బండి ఆ క్షణంలోనే ఆగింది. గోడకీ బండికీ మధ్య జానెడు.

నాలుగు బ్యాట్లు లేచాయి. తొమ్మిది, తొమ్మిది, పది. లిండ్సే కూడా పది కోసం వెతికాడు, పది అంకె బ్యాట్ ఒక్కటే ఉందని గుర్తొచ్చి తొమ్మిదితో సరిపెట్టుకున్నాడు.

తాత దిగాడు. తుంటి పట్టేసినా గుండె పొంగింది. చొక్కా సర్దుకుని కుర్చీల వైపు నడిచాడు.

"మూడోది. మూడింటిలో అయిపోయింది. ఇటివ్వండి నా కుర్చీ."

"ఒక్క నిమిషం మెర్వ్," అన్నాడు లిండ్సే, ఐదేళ్లుగా ఈ ప్రశ్న దాచుకున్నవాడిలా. "బండి పెట్టింది ఎవరు?"

తాత నోరు తెరిచాడు. క్లారీ వైపు చూశాడు. క్లారీ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడే కదరా అందరి ముందూ అరిచావు," అన్నాడు చివరికి క్లారీ. "చెప్పినవాళ్ళకి మార్కులు. నేనేం చెయ్యను?"

"ఇంత తెలివితక్కువ నియమం ఎవడు పెట్టాడు?"

అందరూ ఆయన్నే చూశారు. అప్పటికే డల్సీ అమ్మమ్మ మొదటి కుర్చీలో కూర్చుని ఉంది. లిండ్సే పక్కనున్న సంచిలోంచి సన్నటి పొడుగాటి కత్తి తీసి, పిడి తాత వైపు తిప్పి, చాలా గౌరవంగా అందించాడు.

"పళ్ళు జాగ్రత్తగా చూసుకో. పొలుసు ఎగిరి నోట్లో పడుతుంది."

చేపల బల్ల పడవలు దించే చోట, నీటి అంచున ఉంటుంది. గట్టు మీద నాలుగు గూడబాతులు, మెడ సంచులు వేలాడేసుకుని, ఆ వేసవికి కొత్త మనిషి వచ్చాడని లేచి నిలబడ్డాయి. తాత చొక్కా చేతులు మడిచాడు. క్లారీ పట్టిన ఫ్లాట్‌హెడ్ చేపలు ఆరు బకెట్లో ఉన్నాయి.

"వీటిని చేపలంటారా? దీనికంటే నా బూటు పెద్దది," అని మొదటిదాని తల కోశాడు. "కత్తి చూడు, వెన్న రాసుకునేదిలా ఉంది. ఆ పళ్ళోడు జనాల నోట్లో దేంతో పని చేస్తాడో ఏమో. ఏయ్, నువ్వు వెనక్కి జరుగు," ఆ చివరి మాట గూడబాతుకి.

పక్కన నిలబడి బ్రిడీ గోళ్ళు కొరుక్కుంటూ వింటోంది. కోపం వచ్చినప్పుడు తాత పని ఎంత శుభ్రంగా చేస్తాడో చూస్తోంది. ఒక్క ముల్లు మిగలట్లేదు. కోసిన ముక్కలు కాగితం మీద ఒకే కొలతలో వరుసగా పడుతున్నాయి.

పైన్ చెట్ల వైపు నుంచి నవ్వులు వినపడ్డాయి. గేటు దగ్గర ఎవరో కొత్తవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ వెనక్కి పెడుతున్నారు. కాసేపటికి బ్యాట్లు లేచాయి. నాలుగు, మూడు, నాలుగు, నాలుగు. చివరగా మొదటి కుర్చీలోంచి ఒకటి.

"అమ్మమ్మ ఒకటి వేసింది తాతా."

"ఒకటి ఎక్కువే," అన్నాడు తాత తల ఎత్తకుండా. కానీ గొంతులో గర్వం లాంటిది తొణికింది. వెంటనే మింగేసి గూడబాతుకి పేగులు విసిరాడు.

అప్పుడు నీటి పక్కన ఉన్న దారి మీద ఇంకో అద్దెబండి వచ్చింది. దాని ఒళ్ళంతా ఒక కంగారూ, స్కేటింగ్ చేస్తోంది. స్టీరింగ్ పట్టుకున్నది ఒక బక్కపలచని నాన్న, పక్కన పటం తిరగేసి పట్టుకున్న అమ్మ, వెనక ఇద్దరు పిల్లలు. పద్నాలుగో నంబరులో ఉన్న కోలాని చూసి, బల్ల దగ్గరున్న తాతని చూసి, ఆ బండి ఈయనదే, మనదీ ఈయనదీ ఒకే జాతి అనుకున్నట్టున్నారు. బక్కాయన మొహం విప్పారింది. ఎవరో నేర్పించినట్టుంది, చెయ్యంతా ఊపలేదు. చూపుడువేలు ఒక్కటి పైకి లేపాడు.

తాత చేతిలో కత్తి, కత్తికి పొలుసు. ఆయన ఆ బండి వైపు పురుగుని చూసినట్టే చూశాడు. కత్తి పట్టుకున్న పిడికిలి మీద నుంచి ఒక వేలు విడివడి, రెండు అంగుళాలు పైకి లేచి, మళ్ళీ కత్తిని పట్టుకుంది.

"ఎవరికి తాతా ఆ వేలు?" అంది బ్రిడీ, పైన్ చెట్ల దాకా వినపడేలా.

"ఎవరికీ కాదు. ఈగ వాలితే తోలాను."

మొదటి కుర్చీలోంచి డల్సీ అమ్మమ్మ తల ఇటు తిరిగింది.

"అలాగా," అంది.